చల్లకొచ్చినవాళ్ళ ముంత

రండి, కూర్చోండి. వాన పట్టింది, ఇప్పట్లో వదిలేలా లేదు. వంటింట్లోంచి మిరపకాయ బజ్జీల వాసన మీకూ తగులుతోందనుకుంటాను. అవి వచ్చేలోగా పొద్దున నాకొచ్చిన ఉత్తరం ఒకటి వినిపిస్తా. ఉత్తరమంటే పోస్టుమాన్ తెచ్చింది కాదు, లింక్డ్‌ఇన్‌లో వచ్చింది.

"నమస్కారం సర్. మీ వృత్తి ప్రయాణం చూసి ఎంతో స్ఫూర్తి పొందాను. మీలాంటి అనుభవజ్ఞుల పరిచయం దొరికితే చాలు. ఇంకేమీ ఆశించడం లేదు."

ఏమీ ఆశించనివాణ్ణి ఎలా కాదంటాం చెప్పండి? సరేనని నొక్కి, ఫోను బల్లమీద పెట్టి, కాఫీ గ్లాసు అందుకున్నానో లేదో టింగుమంది. ఈసారి ఐదు పేరాలు. మా సంస్థలో ఉద్యోగుల హాజరు, సెలవులు, జీతాల లెక్కలు అన్నీ ఒక్కచోట చూసుకునే సాఫ్ట్‌వేరట. ఇన్నూరుమంది దాటిన సంస్థలకైతే ప్రత్యేక ధరట. మా సంస్థలో ఎంతమందో మీకు తెలుసుగా! నేనొకణ్ణి. జీఎస్టీ రిటర్ను వేళకి వచ్చిపోయే అకౌంటెంటును కూడా కలుపుకుంటే ఒకటిన్నర. మరి ఆ అబ్బాయి స్ఫూర్తి పొందిన నా వృత్తి ప్రయాణంలో ఈ సంగతి మొదటి లైన్లోనే రాసి ఉంది.

నాకు కోపం రాలేదు. మా అమ్మ గుర్తొచ్చింది. ఎవరైనా పెరటి గుమ్మంలో నిలబడి ఎండల గురించీ, పిల్లల చదువుల గురించీ తెగ మాట్లాడుతుంటే, ఆవిడ కాసేపు విని, "ముంత ఇలా ఇవ్వమ్మా, మజ్జిగ పోస్తాను" అనేది. చల్లకొచ్చి ముంత దాచడమనే మాట పుట్టింది అలాంటి పెరటి గుమ్మాల్లోనే. ఆవిడకి మజ్జిగ అడిగితే చిరాకు లేదు. ఎండల గురించి అరగంట వినాల్సి రావడమే చిరాకు.

ఆ రోజుల్లోనే మా వీధిలోకి చీరల మూటవాడు వచ్చేవాడు. సైకిలు వెనక ఇంత మూట. వీధి మొదట్లో కనిపించగానే పన్నెండిళ్ళకీ తెలుసు, ఎందుకొచ్చాడో. "అమ్మగారూ, మంగళగిరివి కొత్తవొచ్చాయి, చూస్తారా?" అనేవాడు. వద్దంటే పక్కింటికి. కావాలంటే అరుగుమీద మూట విప్పేవాడు. వాయిదాల మీద ఇచ్చేవాడు, బేరమాడితే ఏడుపు ముఖం పెట్టేవాడు, కొంచెం అబద్ధాలూ ఆడేవాడు. "మీకని పక్కన పెట్టానమ్మా" అన్న చీరనే అంతకుముందు మూడిళ్ళలో విప్పి ఉంటాడు. అయినా వాడు మోసగాడని ఎవరూ అనలేదు. సైకిలు మీద మూట కనిపిస్తూనే ఉండేది కదా! అదే మనిషి మూటని వీధి చివర దాచి, ఉత్త చేతులతో వచ్చి, "మీ ఇంటి ముగ్గు చూసి ముగ్ధుణ్ణయ్యానమ్మా, పరిచయం చేసుకుందామని వచ్చాను" అని ఉంటే మా అమ్మ ఏం చేసేదో నేను చెప్పను, మీరే ఊహించుకోండి.

అమ్మడం మీద నాకెప్పుడూ చిన్నచూపు లేదు. ఉండటానికి వీల్లేదు కూడా. ఇరవై రెండేళ్ళు నేను బాయిలర్ మందులు అమ్మాను. మిర్యాలగూడ ఉప్పుడు బియ్యం మిల్లులు నా రూటు. ధాన్యం ఉడకబెట్టాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్, బాయిలర్‌కి ఊక, నీళ్ళు. ఆ ఊక మిల్లులోనే వస్తుంది, నీళ్ళు బోరులోంచి వస్తాయి. నల్లగొండ జిల్లా బోరు నీళ్ళ సంగతి తెలిసిందే. సున్నం, మెగ్నీషియం దండిగా ఉంటాయి. గొట్టాలకి లోపల పెచ్చు కడుతుంది. పెచ్చు కట్టిన గొట్టమంటే దుప్పటి కప్పుకున్న గొట్టం. ఎంత మంట పెట్టినా వేడి లోపలికి దిగదు. ఊక తగలబడుతుంది, గొట్టం ఎర్రబడుతుంది, ఒకరోజు పగులుతుంది.

నాకు పని నేర్పిన పెద్దాయన మొదటివారమే ఒక సంగతి చెప్పారు. గేటులో అడుగుపెట్టిన మొదటి మాటలోనే నీ పేరు, నీ సరుకు చెప్పెయ్యాలని. "అయ్యా, బాయిలర్ మందులు అమ్ముతాను. పది నిమిషాలిస్తే మీ నీళ్ళు మీ ముందే పరీక్ష చేసి చూపిస్తా. వద్దంటే వెళ్ళిపోతా." ఇంతే. తరవాత సంచిలోంచి సీసాలు తీసి, వాళ్ళ నీళ్ళలో కొంచెం బఫరు, చిటికెడు బ్లాక్ టి పొడి వేస్తే నీళ్ళు ద్రాక్షసారా రంగుకు తిరిగేవి. అప్పుడు ఈడీటీఏ డ్రాపరు నేను పట్టుకోకుండా యజమాని చేతికే ఇచ్చేవాణ్ణి. ఆయనే ఒక్కో చుక్కా లెక్కపెట్టుకుంటూ వెయ్యాలి. ఎరుపు పోయి నీలం తిరిగేదాకా ఎన్ని చుక్కలు పడితే నీళ్ళంత గట్టివన్నమాట. ముప్ఫై చుక్కలు దాటేసరికి ఆయన ముఖం మారిపోయేది. నేను నోరు విప్పాల్సిన పనే ఉండేది కాదు.

ఒక్కోచోట మూడు చుక్కలకే నీలం తిరిగేది. నీళ్ళలో సున్నం తీసేసే వాళ్ళ సాఫ్ట్‌నర్ బాగా పనిచేస్తోందన్నమాట. "మీకు పెద్దగా మందు అవసరం లేదండీ, వేళకి బ్లోడౌన్ కొట్టించి అడుగు నీళ్ళు వదిలించండి చాలు" అని చెప్పి వచ్చేసేవాణ్ణి. వాళ్ళందరూ నా నిజాయితీకి మెచ్చి తరవాత పెద్ద పెద్ద ఆర్డర్లిచ్చారని చెప్తే కథ బాగుంటుంది గానీ, అలా జరగలేదు. ఇద్దరు టీ ఇచ్చారు. ఒకాయన "మరెందుకొచ్చావయ్యా" అన్నాడు.

ఇదిగో, బజ్జీలు వచ్చాయి. ఉల్లిపాయ ముక్కలు అలా జరపండి.

ఏమాట కామాటే చెప్పుకోవాలి, లింక్డ్‌ఇన్ వాళ్ళ మొదటి ఊహ చెడ్డది కాదు. 2002 చివర్లో రీడ్ హాఫ్‌మన్ అనే ఆయన ఇంటి హాల్లో కొందరు మిత్రులు కలిసి మొదలుపెట్టారు. 2003 మే 5న తలుపులు తెరిచారు. నీకు తెలిసినవాడు, వాడికి తెలిసినవాడు, అలా వరసలు కట్టి ఫలానావారి ద్వారా ఫలానావారిని కలుసుకోవడం దాని పద్ధతి. మనకిదేం కొత్త? పెళ్ళిళ్ళ పేరయ్య చేసిన పనే. ఆయన చంకలో జాతకాల కట్ట చూడగానే ఎందుకొచ్చాడో ఇంటి కుక్కకీ తెలిసేది. తరవాత 2016లో మైక్రోసాఫ్ట్ దాన్ని 2,620 కోట్ల డాలర్లకు కొంది. అప్పుడక్కడ పెద్ద కుర్చీలో ఉన్నది మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్లే. అంచేత మన వీధి గొడవ మన వీధిలోనే తేల్చుకుంటున్నామనుకోవచ్చు.

అయితే ఆ లింక్డ్‌ఇన్ ఇల్లు కూడా ఒకసారి ముంత దాచే తప్పులోనే కాలేసింది. మీ మెయిల్లోని పరిచయస్థుల్ని పిలవమంటారా అని సభ్యుల్ని అడిగేవారు. సరే అన్న పాపానికి ఒక ఆహ్వానం వెళ్ళేది. అంతవరకూ బాగానే ఉంది. అవతలివాళ్ళు పలక్కపోతే సభ్యుల పేరుతోనే మరో రెండు రిమైండర్లు వాటంతటవే వెళ్ళేవి. మీ పేరు చెప్పి మీకు తెలియకుండా ఎవరో రెండుసార్లు వాళ్ళ తలుపు కొట్టారన్నమాట. సభ్యులు కోర్టుకెక్కారు. మొదటి పిలుపుకి ఒప్పుకున్నారు గానీ తరవాతి రెండింటికీ ఒప్పుకోలేదు కదా అన్నది వాదన. 2015లో 1.3 కోట్ల డాలర్లిచ్చి రాజీపడ్డారు.

ముంత దాచకుండా ఉంటే చాలదా అంటారేమో. నేనూ చాన్నాళ్ళు చాలనుకున్నాను. ఈమెయిల్ ద్వారా పదిమందికీ పంపిన మొట్టమొదటి వ్యాపార ఉత్తరం కథ చదివాక కొంచెం తగ్గాను. 1978 మే నెల. అప్పటికి ఇంటర్నెట్టు లేదు, అమెరికా ప్రభుత్వపు అర్పానెట్ ఉండేది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ల కంపెనీలో గ్యారీ థర్క్ అని మార్కెటింగ్ చూసే ఆయన, కాలిఫోర్నియాలో తమ కొత్త యంత్రాల ప్రదర్శన ఉందని, వచ్చి చూడమని దాదాపు 400 మందికి ఒకే ఉత్తరం పంపించాడు. చిరునామాలన్నీ వరసగా ఎక్కించేసరికి వాటికి కేటాయించిన చోటు చాలక, పొంగి ఉత్తరంలోకే వచ్చిపడ్డాయట! ఉత్తరంలో దాపరికం లేదు. మేం ఫలానా, మా యంత్రాలివి, ఫలానా చోట చూపిస్తాం, రండి. ముంత చేతిలోనే ఉంది. అయినా జనం మండిపడ్డారు, ఇంకోసారి ఇలా చెయ్యొద్దని కంపెనీకి గట్టిగా చెప్పారు. ఎందుకంటే ఆయన గుమ్మాలు చూసుకోలేదు. పాడి ఉన్న ఇల్లేదో, లేని ఇల్లేదో కనుక్కోకుండా ఊరంతటికీ ముంత చాపాడు.

మా రూటులో ఇది కుదిరేది కాదు. మిర్యాలగూడలో ఒక మిల్లుకి వెళ్ళాలంటే బస్సెక్కాలి, ఎండలో నడవాలి, గేటు దగ్గర వాచ్‌మన్‌ని బతిమాలాలి. అంచేత బాయిలర్ ఉందో లేదో కనుక్కుని మరీ వెళ్ళేవాళ్ళం. పచ్చి బియ్యం ఆడే మిల్లుకి నేనెందుకు పోతాను? ఒళ్ళు అలిసేది కాబట్టి బుద్ధి పనిచేసేది. ఇప్పుడు అలుపు లేదు. ఒక్క నొక్కుతో వెయ్యి గుమ్మాలు. అలుపే లేనివాడికి చిరునామా ఎందుకు? లింక్డ్‌ఇన్ నిబంధనల్లో మరమనిషి ప్రోగ్రాములతో ఉత్తరాలు పంపకూడదని రాసే ఉంది. అయినా అలాంటి ప్రోగ్రాములు అమ్మేవాళ్ళు ఆ లింక్డ్‌ఇన్‌లోనే నాకు ఉత్తరాలు రాస్తున్నారు.

కొంత అలుపు తెప్పించే ప్రయత్నం మాత్రం జరిగింది. ఇన్‌మెయిల్ అని ఒకటుంది, పరిచయం లేనివాళ్ళకి డబ్బు కట్టి రాసే ఉత్తరం. మొదట్లో అవతలివాడు జవాబివ్వకపోతే ఖర్చయిన క్రెడిట్ వెనక్కొచ్చేది. వందమందికి విసిరినా, ఎవరూ పలక్కపోయినా నష్టం లేదు. 2015లో దీన్ని తిరగేశారు. 90 రోజుల్లో జవాబొస్తేనే క్రెడిట్ వెనక్కొస్తుంది, లేకపోతే పోయినట్టే. జవాబంటే "వద్దు" కూడా జవాబే. నాకీ మాట భలే నచ్చింది. మీరు మర్యాదగా వద్దంటే ఆ కుర్రాడి క్రెడిట్ వాడికి తిరిగొస్తుంది. ఊరుకుంటే అది కాస్తా గంగలో కలుస్తుంది.

కానీ మనం వద్దంటామా? ఇక్కడ అమ్మేవాళ్ళని వదిలి మనల్ని మనం కొంచెం తిట్టుకోవాలి. మన భాషకే లేదనడం ఇష్టం ఉండదు. డబ్బాలో బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అంటాం. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. వెళ్ళిపోతూ "వెళ్ళొస్తాను" అంటాం. ముష్టివాణ్ణి కూడా లేదనకుండా "చెయ్యి ఖాళీ లేదు, ముందుకెళ్ళు" అని పంపే జాతి మనది. ఇంతటి సున్నితం బెంగళూరులో ఆఫీసు పెట్టుకున్న సాఫ్ట్‌వేరు కుర్రాడికి ఏం తెలుస్తుంది? మనం "చూద్దాం" అంటాం. వాడు డైరీలో "చూస్తామన్నారు" అని రాసుకుని వచ్చే సోమవారానికి గుర్తు పెట్టుకుంటాడు. "మా పార్ట్‌నర్‌తో మాట్లాడి చెప్తా" అంటాం. పార్ట్‌నర్ ఎవరో కనుక్కుని ఆయనక్కూడా రాస్తాడు. మిల్లు యజమానులు నాకు "చూద్దాంలే" అంటే అది ఎన్నో రకం చూద్దామో ముఖం చూసి పసిగట్టేవాణ్ణి. కళ్ళు రోడ్డు మీదుంటే ఒకటి, టీ చెప్పి మరీ అంటే ఇంకోటి. ఫోను తెరమీద ముఖం లేదాయె. అందుకే వాడు నాలుగోసారి రాస్తాడు. ఐదోసారి వచ్చే ఉత్తరం మీరు చూసే ఉంటారు. మీరు జవాబివ్వలేదు కాబట్టి ఒకటి, మీకు ఆసక్తి లేదా? రెండు, తీరిక లేదా? మూడు, మిమ్మల్ని నీటిగుర్రం తరుముతోందా? ఈ నీటిగుర్రం ఎక్కడ పుట్టిందో గానీ ఎందరెందరి ఉత్తరాల్లోనో పరుగెడుతూనే ఉంది.

మన సర్కారు వాళ్ళు ఫోన్ల విషయంలో చేసిన పని ఒకటి ఈ ముంత లెక్కకి సరిగ్గా సరిపోతుంది. 2007లో ఫోన్ చెయ్యొద్దనే వాళ్ళ జాబితా తెచ్చారు. 1909కి చెప్పి మన నంబరు అందులో ఎక్కించుకోవచ్చు. తరవాత ప్రచారానికి చేసే కాల్స్ 140తో మొదలయ్యే నంబర్లనుంచే రావాలన్నారు. అంటే నంబరు నుదుటనే ముంత బొమ్మ గీసినట్టు. చూసి ఎత్తాలనుకుంటే ఎత్తుతాం, లేకపోతే లేదు. ఇంతకన్నా తేటగా చెప్పడం ఎవరివల్లా కాదు. చివరికేమైంది? 140 చూస్తే ఎవరూ ఎత్తడం లేదని, మామూలు పదంకెల సెల్ నంబర్లనుంచి చెయ్యడం మొదలుపెట్టారు. "హలో, రాజుగారేనా అండీ?" అని మేనల్లుడి గొంతుతో మొదలై, రెండో నిమిషంలో కడ్తాల్ దగ్గర ప్లాట్లలోకి దిగుతుంది.

ముంత దాచనివాళ్ళూ ఉన్నారు. మీరు అమీర్‌పేట వైపు రాత్రి పదకొండింటికి ఎప్పుడైనా వెళ్ళారా? కొన్ని మేడల్లో రెండో అంతస్తు లైట్లు వెలుగుతూనే ఉంటాయి. లోపల మన పిల్లలే, అమెరికా పగటివేళకి మేలుకుని బెంచ్ సేల్స్ చేస్తుంటారు. అక్కడి కన్సల్టెన్సీల్లో ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్న మనవాళ్ళకి పని వెతికిపెట్టడం వాళ్ళ ఉద్యోగం. హాట్‌లిస్ట్ అని ఒక పట్టిక పంపిస్తారు. ఎవరికి ఏ పని వచ్చు, ఏ వీసా, ఏ ఊరు. నా లెక్కలో హాట్‌లిస్టంత నిఖార్సయిన ముంత లేదు. పొగడ్త లేదు, స్ఫూర్తి లేదు, సరుకు ఇది, కావాలా వద్దా? చిక్కల్లా ఇంకోచోట ఉంది. వెంకటేశ్వర్లు ఫోనులో మైక్ అవుతాడు. రెజ్యూమెలో రెండేళ్ళ అనుభవం ఎనిమిదేళ్ళవుతుంది. ముంత కనబడుతుంది గానీ పోసేది మజ్జిగో, తెల్ల సున్నం కలిపిన నీళ్ళో తెలియదు. పేరు మార్చుకోవడాన్ని నేను పట్టించుకోను. పలకలేని పేరు విని అవతలివాడు ఫోను పెట్టేస్తే పాపం వాడు మాత్రం ఏం చేస్తాడు? ఎనిమిదేళ్ళ సంగతే మింగుడుపడదు. ఆ లేని ఆరేళ్ళనీ ప్రాజెక్టులో కూచుని మోయాల్సింది ఎక్కడో డాలస్‌లో ఉన్న మరో కుర్రాడు.

ఇంతసేపూ నేనేదో శుద్ధపూసలా మాట్లాడుతున్నాను కదా. కాదు. టీ వచ్చేలోగా అదీ చెప్పేస్తాను.

ఉద్యోగం మానేసి నీటి శుద్ధి సలహాదారునని సొంతంగా బోర్డు పెట్టుకున్న కొత్తలో ఆరునెలలు ఒక్కరూ పలకలేదు. మా బంధువుల కుర్రాడొకడు, "బాబాయ్, మీరు పాతకాలం మనుషులు. సరుకు పేరు మొదట్లోనే చెప్తే ఎవరూ చదవరు. ముందు మనసు దోచుకోవాలి" అని, మనసు దోచుకునే ఉత్తరమొకటి తయారుచేసి ఇచ్చాడు. "మీ ప్రయాణం నన్నెంతో కదిలించింది" అనే మొదలు. పరిచయం కోరుతూ రాసే చీటీలో అప్పట్లో మూడొందల అక్షరాలే పట్టేవి. తెలుగులో రాద్దామని చూశాను గానీ, కంప్యూటరు లెక్కలో మన గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా పడతాయి. ఉత్తరం పూర్తయ్యేలోపే చోటు కరిగిపోయింది. ఇంగ్లీషులోనే పెట్టి అరవైమంది ప్లాంటు మేనేజర్లకు పంపాను. రోజుకి పది చొప్పున, అన్నం తిన్నాక.

యాభై తొమ్మిదిమంది సంగతి వదిలెయ్యండి. ఒకాయన తిరిగి రాశారు. శుభ్రమైన తెలుగులో, ఇంగ్లీషు అక్షరాలతో. "నా ప్రయాణంలో ఏ మజిలీ మిమ్మల్ని కదిలించిందండీ?"

అప్పుడు వెళ్ళి ఆయన ప్రొఫైల్ చూశాను. అప్పటిదాకా చూడలేదన్నమాట. పంతొమ్మిదేళ్ళుగా ఒకటే కంపెనీ, ఒకటే ప్లాంటు, ఒకటే హోదా. పుట్టిన ఊరూ అదే, చదివిన ఐటీఐ కూడా ఆ ఊళ్ళోదే. ఆ మనిషి అసలు ఎక్కడికీ ప్రయాణం చెయ్యలేదు.

చెవులు వేడెక్కాయి. చాలాసేపు కూర్చున్నాను. మా పెద్దాయన బతికుంటే ఏమనేవారో ఊహించుకున్నాను. తరవాత రాశాను. "క్షమించండి. మీ ప్రొఫైల్ చూడకుండానే రాశాను. నేను బాయిలర్ నీళ్ళకి, కూలింగ్ టవర్ నీళ్ళకి సలహాలిస్తాను, అందుకు డబ్బు తీసుకుంటాను. మీకు అవసరముంటే వచ్చి ఒకసారి ఉచితంగా నీళ్ళు పరీక్షిస్తాను. అవసరం లేకపోతే ఒక్క ముక్క రాయండి, మళ్ళీ విసిగించను." అడగందే అమ్మైనా పెట్టదంటారు. అంతకుముందు రాసిన అరవై చీటీల్లోనూ నేను అసలు అడగనే లేదని అప్పుడు తట్టింది.

పదినిమిషాల్లో జవాబు. "మాకొకాయన ఉన్నారండి. పదేళ్ళనుంచి చూస్తున్నారు, బాగా చూస్తున్నారు. వద్దు."

వద్దు! చూద్దాం కాదు, పార్ట్‌నర్ కాదు, నిండుకున్నాయి కాదు. ఇరవై రెండేళ్ళలో ఒక తెలుగువాడి నోట ఇంత తేటగా ఆ మాట వినడం నాకు మూడోసారో నాలుగోసారో. నేను థాంక్స్ అని రాసి మూసేశాను.

ఆర్నెల్ల తరవాత ఆయనే ఒక ఫోటో పంపారు. పెచ్చు కట్టిన గొట్టం ముక్క. పక్క ఊళ్ళో తెలిసినవాళ్ళదట. "ఇది సున్నమా, సిలికానా?" అని అడిగారు. ఫోటో చూసి చెప్పలేనన్నాను. యాసిడ్‌లో వేస్తే బుసబుస పొంగితే సున్నం, పొంగకుండా గాజులా కూచుంటే సిలికా కావచ్చు, అది ఇంకో తలనొప్పి అన్నాను. పొంగింది. "సున్నమే" అని రాశారు. ఆ తెలిసినవాళ్ళు నాకేమీ పని చెప్పలేదు, నేనూ అడగలేదు. అడగాల్సిందేమో, ఇప్పటికీ మా ఆవిడ దెప్పుతుంది.

ఇప్పటికి ఏడేళ్ళయింది. ప్రతి సంక్రాంతికీ ఆయన దగ్గర్నుంచి ఒక ముక్క వస్తుంది. మొన్నటిది చూపిస్తా, ఉండండి, కళ్ళద్దాలేవీ... ఇదిగో.

"పండగ శుభాకాంక్షలండీ. ఈ ఏడు కూడా ఆర్డరు లేదు. నేను అదే మజిలీలో ఉన్నాను."

వాన తగ్గినట్టుంది. టీ చల్లారకముందే తాగెయ్యండి.